ఇంటి జామ్ సీసా అంగడికి చేరాలంటే

చలికాలం ముదిరేసరికి గ్రేటర్ నోయిడా వీధుల్లో తోపుడు బళ్ల రంగే మారిపోతుంది. జామకాయలు, ఉసిరికాయలు, కిన్నో నారింజలు, ఆ వెనకే హర్యానాలోని హిస్సార్ వైపునుంచి స్ట్రాబెర్రీలు వస్తాయి. ధర దిగిన రోజున నాలుగు డబ్బాలు ఎక్కువ కొని, సాయంత్రం పొయ్యిమీద చక్కెర వేసి ఉడికించి సీసాల్లో పోసుకునే ఇళ్లు ఇక్కడి అపార్ట్‌మెంట్లలో చాలానే ఉంటాయి. అలాంటి ఒక తెలుగువారి ఇల్లు ఊహించుకుందాం. ఇల్లాలు ఆరు సీసాల స్ట్రాబెర్రీ జామ్ చేసింది. రెండు ఇంట్లో ఉంచుకుని నాలుగు ఇరుగుపొరుగుకు ఇచ్చింది. తిన్నవారు, "ఇంత బాగా చేస్తారు, అమ్మకూడదా ఆంటీ?" అన్నారు. హోలీ కానుకల కోసం ఒకేసారి అరవై సీసాలకు ఆర్డరు వచ్చింది.

ఆమె పెద్ద గిన్నె అరువు తెచ్చుకుంది. కొలతలన్నీ పదింతలు చేసింది. పండూ అదే, చక్కెరా అదే, చేయీ అదే. కాని ఈసారి ఉడకడానికి రెండున్నర గంటలు పట్టింది. ఎర్రగా రావలసిన జామ్ ఇటుకరంగుకు తిరిగింది. చల్లారాక గట్టిపడలేదు. వారం తర్వాత కొన్ని సీసాల్లో పైన నీరు తేలింది. మరో పది రోజులకు, మూత కింద తెల్లటి బూజు కనిపించిందని ఇద్దరు ఫోన్ చేశారు.

చేతివాటం ఎక్కడికీ పోలేదు. ఆరు సీసాలు చేసినప్పుడు ఆ చేయి తెలియకుండానే కొన్ని అంకెలను సరిగ్గా పట్టుకుంది. అరవై చేసినప్పుడు అవే అంకెలు జారిపోయాయి. ఇంటి వంట వ్యాపారంగా మారడానికి పెట్టుబడి, ప్యాకింగ్, ప్రచారం అన్నీ కావాలి. వాటన్నిటికంటే ముందు ఆ అంకెలు ఏమిటో, ఎందుకో తెలియాలి. మన వంటింట్లో తప్పు జరిగితే సీసా పారబోసి ఊరుకుంటాం. అమ్మిన సీసాలో తప్పు మనకు ముఖపరిచయమైనా లేని ఇంట్లో, చిన్నపిల్లల రొట్టెముక్కమీద బయటపడుతుంది.

పాకం తెలిసిన వారికి

అరిసెలకు పాకం పట్టే తెలుగు ఇళ్లకు జామ్ సూత్రం కొత్తదేమీ కాదు. లేతపాకం, తీగపాకం, ఉండపాకం అని మనం పిలిచేవి నిజానికి చక్కెర ద్రావణం గాఢతకు పెట్టుకున్న పేర్లు. రెండు వేళ్ల మధ్య తీగ సాగుతుందా లేదా అని చూసే అమ్మమ్మ థర్మామీటరు లేకుండానే ఉష్ణోగ్రత కొలుస్తోంది. నీరు ఆవిరైపోయేకొద్దీ ద్రావణం మరిగే ఉష్ణోగ్రత పెరుగుతుంది. కాబట్టి ఏ ఉష్ణోగ్రత దగ్గర మరుగుతోందో తెలిస్తే అందులో చక్కెర ఎంత శాతం ఉందో తెలిసినట్టే.

జామ్‌లో అదనంగా ఉండేది పెక్టిన్. మొక్కల కణాలను ఒకదానికొకటి అతికించి ఉంచే పదార్థం ఇది. 1825లో ఫ్రెంచి రసాయన శాస్త్రజ్ఞుడు ఆన్రీ బ్రకొనో దీన్ని వేరుచేసి, గడ్డకట్టించేది అన్న అర్థమిచ్చే గ్రీకు మాటనుంచి పేరు పెట్టాడు. పెక్టిన్ అణువులు పొడవాటి గొలుసులు. పండును ఉడికిస్తే అవి నీటిలోకి వస్తాయి. మామూలుగా ఈ గొలుసులమీద రుణావేశం ఉంటుంది కాబట్టి ఒకదాన్నొకటి తోసేసుకుంటాయి. నిమ్మరసం వంటి ఆమ్లం చేరితే ఆ ఆవేశం తగ్గుతుంది. చక్కెర వాటి చుట్టూ ఉన్న నీటిని తనవైపు లాక్కుంటుంది. తోసుకోవడం తగ్గి, మధ్యలో నీరూ తగ్గాక గొలుసులు అక్కడక్కడా పెనవేసుకుని వలలా ఏర్పడతాయి. ఆ వలలో చక్కెర నీళ్లు చిక్కుకుపోతే అదే జామ్. పెక్టిన్, ఆమ్లం, చక్కెర అనే మూడింటిలో ఏ ఒక్కటి తగ్గినా వల కట్టదు.

అన్ని పండ్లకూ ఈ మూడూ సమానంగా రావు. జామ, ఉసిరి, వాక్కాయ, పుల్లటి యాపిల్ పెక్టిన్ బాగా ఉన్నవి. (జామపండుతో చేసిన జామ్ అని తెలుగులో చెప్పేటప్పుడు నాలుక తడబడినా, జామ్‌కు జామను మించిన పండు అరుదు.) స్ట్రాబెర్రీలోను, బాగా పండిన మామిడిలోను పెక్టిన్ తక్కువ. పైగా పండు ముగ్గేకొద్దీ దానిలోని ఎంజైములే పెక్టిన్‌ను ముక్కలు చేస్తాయి. మెత్తబడిన పండు చవకగా దొరుకుతుంది కదా అని దాన్నే జామ్‌కు వాడడం చాలామంది మొదట్లో చేసే పొరపాటు. రుచి కోసం పండినవి, గడ్డకట్టడం కోసం కొన్ని దోరవి కలపడమే పాత పద్ధతి. ఉడికించిన రసం ఒక చెంచాడు తీసి, చల్లారాక దానికి రెండు మూడు చెంచాల స్పిరిట్ కలిపి చూస్తే పెక్టిన్ ఎంతుందో తెలుస్తుంది. ఒకే గడ్డగా కడితే పుష్కలం, చిన్న తునకలుగా విడిపోతే తక్కువ. అయితే ఆ పరీక్ష చేసిన రసాన్ని రుచి చూడకుండా పారబోయాలి.

పెక్టిన్ తక్కువైతే పొడి రూపంలో కొనవచ్చు. బజారులో దొరికే 150 గ్రేడ్ పెక్టిన్ అంటే నిర్ణీత పరిస్థితుల్లో ఒక గ్రాము 150 గ్రాముల చక్కెరను గడ్డకట్టించగలదని అర్థం. నేరుగా వేడి గుజ్జులో వేస్తే ఉండలు కడుతుంది. దానికి అయిదింతల చక్కెరతో పొడిగా కలిపి చల్లాలి. ఇది యాపిల్ పిప్పి, నిమ్మజాతి పండ్ల తొక్కలనుంచి తీసినదే కాబట్టి కల్తీ అని సంకోచించనక్కరలేదు.

ఆమ్లానికీ హద్దు ఉంది. జామ్ పీహెచ్ సుమారు 3 నుంచి 3.3 మధ్య ఉంటే వల చక్కగా కడుతుంది. 3.5 దాటితే కట్టదు. 2.8 కిందికి దిగితే మరీ బిగుసుకుని లోపలి నీటిని బయటకు పిండేస్తుంది. సీసాలో పైన నీరు తేలడానికి ఒక కారణం ఇదే. నిమ్మకాయలన్నిటిలో పులుపు ఒకేలా ఉండదు కనుక, అమ్మకానికి చేసేవారు నిమ్మకాయలు లెక్కపెట్టకుండా పీహెచ్ మీటరు చూసుకోవాలి.

అరవై అయిదు

మన దేశంలో జామ్ అన్న పేరుతో అమ్మాలంటే నీటిలో కరిగిన ఘనపదార్థాలు, అంటే ముఖ్యంగా చక్కెరలు, బరువులో 65 శాతానికి తగ్గకూడదు. పండు 45 శాతానికి తగ్గకూడదు. స్ట్రాబెర్రీ, రాస్ప్‌బెర్రీలకు మాత్రం పండు 25 శాతం ఉన్నా చాలు. ఇవి భారత ఆహార భద్రత, ప్రమాణాల సంస్థ (ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ) 2011 నిబంధనల్లో ఉన్న అంకెలు. యూరప్‌లో ఘనపదార్థాల హద్దు 60 శాతం.

65 అనే అంకె వెనుక ఒక కారణం ఉంది. సూక్ష్మజీవులకు కావలసింది అవి వాడుకోగల నీరు. దీన్ని నీటి లభ్యత అంటారు. స్వచ్ఛమైన నీటికి ఇది 1. చక్కెర, ఉప్పు వంటివి నీటిని తమకు కట్టేసుకున్న కొద్దీ ఈ విలువ తగ్గుతుంది. ఆవకాయలో ఉప్పు చేసే పని జామ్‌లో చక్కెర చేస్తుంది. చాలా బాక్టీరియాలు 0.91 కంటే తక్కువ ఉంటే పెరగలేవు. 65 శాతం ఉన్న జామ్‌లో నీటి లభ్యత సుమారు 0.85 దగ్గరో ఇంకొంచెం తక్కువో ఉంటుంది. బాక్టీరియాకు ఆ తలుపు దాదాపు మూసినట్టే. బూజులకూ కొన్ని రకాల ఈస్టులకూ మాత్రం పూర్తిగా మూయలేం. వాటిని వేడి, గాలి చొరని మూత ఆపాలి.

లెక్క చూద్దాం. కిలో పండు గుజ్జులో సుమారు 12 శాతం ఘనపదార్థాలు ఉన్నాయనుకుంటే అవి 120 గ్రాములు. దానికి కిలో చక్కెర కలిపితే మొత్తం 1120 గ్రాములు. ఇది తుది బరువులో 65 శాతం కావాలంటే జామ్ బరువు సుమారు 1720 గ్రాములు ఉండాలి. మొదట గిన్నెలో ఉన్నవి 2000 గ్రాములు. అంటే 280 గ్రాముల నీరు పోవాలి. వంటింటి తక్కెడమీద గిన్నెను ముందూ తర్వాతా తూచినా ఈ పని జరుగుతుంది. అంత సులువైన కొలతను చాలామంది వాడరు.

ఇంకా కచ్చితంగా కావాలంటే రిఫ్రాక్టోమీటరు ఉంది. చేతిలో ఇమిడే గొట్టంలాంటి పరికరం. చల్లార్చిన జామ్ చుక్క గాజుపలకమీద వేసి వెలుతురువైపు చూస్తే, కాంతి ఎంత వంగిందో దాన్నిబట్టి శాతం కనిపిస్తుంది. కొనేటప్పుడు 58 నుంచి 90 వరకు చూపించేది అడగాలి. పండ్లరసాలకు వాడే చవక రకం 32 దగ్గరే ఆగిపోతుంది.

థర్మామీటరుతో చేసేవారు పుస్తకాల్లో 105 డిగ్రీల సెల్సియస్ అని చదివి ఉంటారు. అది సముద్రమట్టం దగ్గరి అంకె. అసలు సూత్రం, ఆ చోట నీరు మరిగే ఉష్ణోగ్రత కంటే నాలుగున్నర అయిదు డిగ్రీలు ఎక్కువ అని. గ్రేటర్ నోయిడా సముద్రమట్టానికి దాదాపు 200 మీటర్ల ఎత్తున ఉంది. ఇక్కడ నీరు 99.3 డిగ్రీల దగ్గరే మరుగుతుంది. జూన్, జులై నెలల్లో వాతావరణ పీడనం శీతాకాలంతో పోలిస్తే బాగా పడిపోతుంది కాబట్టి ఇంకో అర డిగ్రీ తగ్గుతుంది. విశాఖపట్నంలో అమ్మ చెప్పిన అంకెను ఇక్కడ గుడ్డిగా పాటిస్తే జామ్ కొంచెం ముదిరిపోతుంది. రెండు వేల మీటర్ల ఎత్తున్న కొండ ఊళ్లో అయితే నీరు 93 డిగ్రీలకే మరుగుతుంది. అక్కడ 105 కోసం ఎదురుచూసేవారికి మిగిలేది జామ్ కాదు, పీచుమిఠాయిలాంటి ముద్ద. జామ్ చేసే రోజున ముందుగా గ్లాసుడు నీళ్లు మరిగించి థర్మామీటరు ఏం చూపుతోందో రాసుకుంటే ఈ చిక్కు ఉండదు.

పెద్ద గిన్నె ఏం చేసింది

ఇప్పుడు ఆ అరవై సీసాల దగ్గరికి వద్దాం. ఇంటి గ్యాస్ పొయ్యి నిమిషానికి ఇంత వేడి మాత్రమే ఇవ్వగలదు. పైన పెట్టిన గిన్నె పెద్దదైనంత మాత్రాన మంట పెద్దదవదు. కిలో పండు, కిలో చక్కెరను మరిగే దాకా తెచ్చి, ఆ 280 గ్రాముల నీటిని ఆవిరి చేయడానికి స్థూలంగా లెక్కవేస్తే పావుగంట పడుతుంది. అదే పొయ్యిమీద పదింతలు పెడితే పది పావుగంటలు, అంటే రెండున్నర గంటలు. దానికి తోడు, అదే ఆకారంలో పదింతలు పట్టే గిన్నెకు పైభాగం వైశాల్యం పదింతలు కాదు, నాలుగున్నర రెట్లు మాత్రమే పెరుగుతుంది. ఆవిరి పోవడానికి ఒక్కో కిలోకు దొరికే చోటు సగానికంటే తక్కువ.

రెండున్నర గంటలు ఆమ్లంలో మరిగిన పెక్టిన్ గొలుసులు తెగిపోతాయి. వల కట్టే శక్తి పోతుంది. స్ట్రాబెర్రీకి ఎర్రరంగునిచ్చే ఆంథోసయనిన్లు వేడికి విరిగి గోధుమరంగు పదార్థాలు మిగులుతాయి. ఇల్లంతా స్ట్రాబెర్రీ వాసన ఘుమఘుమలాడిందంటే అది సీసాలో ఉండవలసిన వాసన. చక్కెర కూడా మారుతుంది. ఆమ్లంలో మరిగితే సుక్రోజు అణువు విడిపోయి గ్లూకోజు, ఫ్రక్టోజులుగా మారుతుంది. ఇది కొంతవరకు మంచిదే. ఈ మిశ్రమం ఉండబట్టే సీసాలో పంచదార పలుకులు కట్టవు. మరీ ఎక్కువైతే మాత్రం చలికి గ్లూకోజు పలుకులు తేలుతాయి. జనవరి రాత్రి అయిదారు డిగ్రీలకు దిగే ఈ ప్రాంతంలో వంటింటి అలమారాలో ఉన్న సీసా అడుగున ఇసుకలాంటిది కనిపిస్తే, కొన్నవారు కల్తీ అనే అనుకుంటారు.

పెద్ద కర్మాగారాలు దీనికి వేరే దారి కనిపెట్టాయి. మూసిన పాత్రలోని గాలిని తోడేసి, తక్కువ పీడనంలో 60, 70 డిగ్రీల దగ్గరే నీటిని ఆవిరి చేస్తాయి. రంగు, వాసన నిలుస్తాయి. అంత పెట్టుబడి లేనివారికి మిగిలింది చిన్న చిన్న వాయిలు. వెడల్పైన, లోతు తక్కువ ఉన్న గిన్నెలో ఒకసారికి రెండు కిలోలకు మించకుండా, పావుగంట ఇరవై నిమిషాల్లో దించేయడం. ఖరీదైన జామ్ సీసాలమీద ‘చిన్న వాయిల్లో చేసినది’ అని రాసుకోవడం చూస్తుంటాం. అందులో ప్రచారం పాలు ఉందేమో కాని, భౌతికశాస్త్రం పాలు కూడా ఉంది. ఆ ఇల్లాలు పెద్ద గిన్నె అరువు తెచ్చుకోకుండా రెండో పొయ్యి అరువు తెచ్చుకుని ఉంటే బాగుండేది.

తక్కువ చక్కెర అనే మాట

ఇంటి జామ్ అమ్మేవారికి అందరికంటే ముందు ఎదురయ్యే కోరిక, "చక్కెర తగ్గించి చేయండి" అని. కోరిక న్యాయమైనదే. మన దేశంలో మధుమేహం ఏ స్థాయిలో ఉందో అందరికీ తెలుసు. కాని ఈ వ్యాపారంలో అసలైన ప్రమాదం దాగి ఉన్నది ఇక్కడే. అందుకే దీనిమీద కొంచెం ఎక్కువసేపు ఆగుదాం.

కిలో పండుకు అరకిలో చక్కెర వేశామనుకుందాం. మొత్తం ఘనపదార్థాలు 620 గ్రాములు. 65 శాతానికి తేవాలంటే దాదాపు 950 గ్రాములు మిగిలేదాకా ఉడికించాలి. అంటే అరకిలోకు పైగా నీరు పోవాలి. అప్పుడు దొరికేది పండు ఎక్కువున్న మంచి జామే, కాని చెంచాడులో చక్కెర శాతం ఏమీ తగ్గదు. పండులోని చక్కెరా చక్కెరే కదా. నిజంగా తగ్గాలంటే 45 శాతం దగ్గరే దించేయాలి. అప్పుడు నీటి లభ్యత 0.95 దరిదాపులకు వెళ్తుంది. చక్కెర కాపలా దాదాపు లేనట్టే. ఇక ఆ సీసాను కాచేవి పులుపు, వేడి, మూత. అది చట్టప్రకారం జామ్ కూడా కాదు. వేరే పేరు, దానికి తగిన అనుమతి, తెరిచాక ఫ్రిజ్‌లో పెట్టమన్న స్పష్టమైన సూచన, తక్కువ గడువు ఉండాలి.

మామూలు పెక్టిన్ అంత తక్కువ చక్కెరలో గడ్డకట్టదు కూడా. దానికోసం రసాయనికంగా కొంత మార్చిన మరో రకం పెక్టిన్ ఉంది. అది చక్కెరకు బదులు కాల్షియంతో వల కడుతుంది. కోడిగుడ్ల అట్టలో గుడ్లు కూర్చున్నట్టు రెండు గొలుసుల మధ్య గుంటల్లో కాల్షియం అయాన్లు కూర్చుంటాయి. శాస్త్రజ్ఞులు దానికి పెట్టిన పేరు కూడా అలాంటిదే.

పుల్లటి పండ్లతో చేసినంతవరకు ఈ తప్పుల శిక్ష బూజుతోనో పులిసిపోవడంతోనో ఆగుతుంది. ప్రత్యేకమైనదేదో చేయాలన్న ఉత్సాహంతో ఉల్లిపాయ జామ్, వెల్లుల్లి మిరప జామ్, క్యారెట్ జామ్, బొప్పాయి జామ్‌లకు దిగినప్పుడు కథ మారుతుంది. ఇవి సహజంగా పులుపు లేనివి. పీహెచ్ 4.6 కంటే ఎక్కువ ఉండి, నీరు కూడా బాగా లభ్యమై, గాలి చొరని సీసాలో గది ఉష్ణోగ్రతలో ఉంటే క్లాస్ట్రిడియం బాట్యులినం అనే బాక్టీరియా బీజాలు మొలకెత్తి విషం తయారుచేయగలవు. ఆ బీజాలు మట్టిలో ఉంటాయి, మామూలుగా మరిగిస్తే చావవు. విషం ఉన్న సీసా చూడడానికీ వాసనకూ మామూలుగానే ఉండవచ్చు. నరాలను పడగొట్టే ఆ జబ్బు ప్రాణం తీయగలదు. కాబట్టి కూరగాయలతో చేసే ఏ జామ్‌కైనా పీహెచ్ కొలవకుండా మూత పెట్టి అమ్మకూడదు. తెలిసినవారి వంటకం కదా అన్న భరోసా ఇక్కడ పనికిరాదు.

సీసా, మూత, తడి చెంచా

జామ్‌ను 85 డిగ్రీలకు తగ్గకుండా వేడిమీద సీసాలో పోసి వెంటనే మూత బిగించడం ఒక్క దెబ్బకు రెండు పనులు చేస్తుంది. వేడి సీసా లోపలి బూజు బీజాలను చంపుతుంది. చల్లారేటప్పుడు లోపలి ఆవిరి కుంచించుకుని మూతను లోపలికి లాగుతుంది. మొదటిసారి తెరిచినప్పుడు వినిపించే ‘టక్’ ఆ శూన్యం చేసే చప్పుడే. సీసాలను ముందుగా వేడి చేసి ఉంచకపోతే చలికాలంలో పగిలిపోతాయి. కొద్ది నిమిషాలు ఆగి, ఒకసారి కలిపి పోస్తే పండు ముక్కలు పైకి తేలవు. పాత సీసాలు కడిగి వాడుకోవచ్చేమో కాని పాత మూతలు మాత్రం వద్దు. అంచున ఉండే మెత్తటి పూత ఒకసారి నొక్కుకుపోతే మళ్లీ గాలిని ఆపదు.

ఆ ఇద్దరు ఫోన్ చేసిన బూజు ఎక్కడినుంచి వచ్చి ఉంటుంది? జామ్ ఒకేసారి అంత వచ్చేసరికి చివరి సీసాలు నింపేలోపు అది గోరువెచ్చన అయింది. మూత కింద ఆవిరి నీటిచుక్కలుగా మారి జామ్ మీద పడింది. చుక్క పడిన చోట చక్కెర పలచబడింది. మొత్తం సీసా 65 శాతం ఉన్నా ఆ ఒక్క చుక్క చోటు బూజుకు చాలు. బూజు వచ్చిన పొర తీసేసి మిగతాది తినవచ్చన్న పాత అలవాటు మంచిది కాదు. కొన్ని బూజులు విషపదార్థాలు వదులుతాయి. కుళ్లిన యాపిల్‌లో పెరిగే పెనిసీలియం వదిలే పాట్యులిన్ అలాంటిదే. అవి కంటికి కనిపించే పొర దాటి లోపలికి దిగుతాయి.

లెక్కల పుస్తకం

ఇదంతా కుదిరాక వ్యాపారం మాట. ఇంటి వంటింట్లో చేసి అమ్మేవారికీ ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ నమోదు తప్పనిసరి. 2011 లైసెన్సు నిబంధనలు ఏడాదికి 12 లక్షల రూపాయల వరకు అమ్మకాలున్నవారిని చిన్న వ్యాపారులుగా లెక్కించి, ఏడాదికి 100 రూపాయల రుసుముతో నమోదు చేసుకుంటే చాలన్నాయి. ఇలాంటి హద్దులు ఎప్పటికప్పుడు సవరిస్తుంటారు కనుక దరఖాస్తు చేసే రోజున ఫాస్కాస్ పోర్టల్‌లో చూసుకోవడం మంచిది. వచ్చిన 14 అంకెల సంఖ్య సీసామీద ఉండాలి. పదార్థాల జాబితా బరువులో ఎక్కువనుంచి తక్కువకు రాయాలి. 45 పాళ్ల పండుకు 55 పాళ్ల చక్కెర వేసినవారి సీసామీద మొదటి మాట ‘చక్కెర’ అనే ఉంటుంది. కొనేవారు చదవవలసింది ముందున్న పండు బొమ్మను కాదు, వెనకున్న ఆ జాబితాను. సహజం, స్వచ్ఛం, సంప్రదాయం వంటి మాటలు వాడడానికి కూడా 2018 నిబంధనలు షరతులు పెట్టాయి.

గడువు తేదీని పక్క సీసా చూసి వేయకూడదు. గ్రేటర్ నోయిడాలో మే నెల మధ్యాహ్నం డెలివరీ బండిలో సీసా ఎంత వేడెక్కుతుందో ఎవరైనా ఊహించవచ్చు. గుర్తింపు ఉన్న ప్రయోగశాలలో పరీక్ష చేయించడానికి ఢిల్లీ చుట్టుపక్కల సదుపాయాలకు కొరత లేదు. శిక్షణ కావాలంటే హర్యానాలోని కుండ్లీలో ఉన్న జాతీయ ఆహార సాంకేతిక సంస్థ నిఫ్టెమ్ ఈ ప్రాంతానికి దగ్గర. మైసూరులో 1950లో మొదలైన కేంద్ర ఆహార సాంకేతిక పరిశోధన సంస్థ సీఎఫ్‌టీఆర్‌ఐకి హైదరాబాద్‌లో కూడా శాఖ ఉంది. 2020 జూన్‌లో కేంద్రం తెచ్చిన సూక్ష్మ ఆహార సంస్థల పథకం, అర్హమైన ప్రాజెక్టు ఖర్చులో 35 శాతం, గరిష్ఠంగా 10 లక్షలు బ్యాంకు రుణంతో ముడిపడిన సబ్సిడీగా ఇచ్చేలా మొదలైంది. 2025 సెప్టెంబరు 22 నుంచి జామ్‌లమీద జీఎస్టీ 12 నుంచి 5 శాతానికి తగ్గింది. చిన్నవారికి ఇది ఊరటే.

ధర వేసేటప్పుడు అందరూ మరిచిపోయే ఖర్చు ఒకటుంది. ఉదాహరణకు జామకాయ కిలో 60, చక్కెర 45 రూపాయలు అనుకుందాం. తొక్క, గింజ పోగా కిలో గుజ్జుకు కిలోంపావు పైన పండు కావాలి. చక్కెరతో కలిపి 125 రూపాయలు. గిన్నెకు అంటుకున్నది పోగా పావుకిలో సీసాలు ఆరు వస్తాయి. ఒక్కో సీసాలో ముడిసరుకు 21 రూపాయలు. గాజు సీసా, మూత, లేబులు కలిపితే దాదాపు అంతే. కడగడం, తరగడం, ఉడికించడం, నింపడం, తుడవడం కలిపి రెండు గంటలు పడితే, గంటకు 100 చొప్పున సీసాకు 33 రూపాయలు. అంటే సీసాలో అన్నిటికన్నా ఖరీదైనది పండు కాదు, ఆమె సమయం. సరదాకు చేసినన్నాళ్లూ దాన్ని ఎవరూ లెక్కలో రాయలేదు. దుకాణదారుడి వాటా, కొరియరు ఖర్చు ఇంకా దీనిమీద ఉన్నాయి. ఇంటి జామ్ పెద్ద కంపెనీ ధరకు అమ్మాలని చూడడం వృథా. అది వేరే సరుకని ఒప్పించగలిగితేనే నిలబడుతుంది.

నిలబడినవారు లేకపోలేదు. మహారాష్ట్ర కొండల్లోని పంచగనిలో 1959లో కిశోర్ వోరా స్ట్రాబెర్రీ జామ్‌తో చిన్నగా మొదలుపెట్టినదే నేటి మాప్రో. హిమాచల్‌లోని సిర్మౌర్ జిల్లా భుయిరా గ్రామంలో ఇంగ్లండ్‌నుంచి వచ్చి స్థిరపడిన లినెట్ ముష్రాన్ తోటల పండ్లతో ఇంట్లో చేసుకున్న జామ్ 1999లో ఊరి స్త్రీలు పనిచేసే చిన్న కర్మాగారమైంది. రెండూ పండు పండే చోటే పుట్టాయి. గ్రేటర్ నోయిడాకు ఆ భాగ్యం లేదు. కాని దీనికి వేరే బలముంది. ప్రతాప్‌గఢ్ ఉసిరి, మలీహాబాద్ దశేరీ మామిడి, ప్రయాగ్‌రాజ్ జామ, ముజఫర్‌పూర్ లిచీ అన్నీ ఆజాద్‌పూర్ మండీకి చేరతాయి. కొనగలిగిన లక్షల ఇళ్లు పక్కనే ఉన్నాయి. 2023నుంచి ఉత్తరప్రదేశ్ అంతర్జాతీయ వాణిజ్య ప్రదర్శన జరుగుతున్నది ఈ ఊరి ఎక్స్‌పో మార్ట్‌లోనే.

మన ఊహలోని ఇల్లాలు మళ్లీ మొదలుపెట్టాలంటే కొనవలసినవి ఎక్కువేమీ లేవు. ఒక తక్కెడ, ఒక థర్మామీటరు, ఒక రిఫ్రాక్టోమీటరు, ఒక పీహెచ్ మీటరు, ఒక నోటుపుస్తకం. ప్రతి వాయికీ ఒక సంఖ్య. పండు ఎక్కడిది, ఎంత బరువు, ఎన్ని నిమిషాలు ఉడికింది, దించినప్పుడు శాతం ఎంత, పీహెచ్ ఎంత, ఎన్ని డిగ్రీల దగ్గర నింపింది, అన్నీ ఆ సంఖ్య కింద రాయాలి. ప్రతి వాయినుంచీ ఒక సీసా అమ్మకుండా తీసి, తేదీ వేసి అలమారాలో ఉంచాలి. రేపు ఎవరైనా ఫోన్ చేసి సీసా బాగాలేదంటే, లేబులుమీద సంఖ్య అడిగి, అదే సంఖ్యగల తన సీసా మూత తీసి చూడవచ్చు.